పళయనూరు పూచీ

పళయనూరు డెబ్బైమంది కథ మా తిరువళ్ళూరు వైపు తెలియనివాళ్లుండరు. తిరువాలంగాడు వెళ్లి నటరాజస్వామి రత్నసభ చూసిన వాళ్లకు ఆ పక్క ఊరే పళయనూరు. ఒక వర్తకుడు ఆ ఊరికి వచ్చాడు. వెనకాలే చంకలో బిడ్డతో ఒక ఆడమనిషి వచ్చి, ఈయన నా మొగుడు, నన్ను వదిలేసి పోతున్నాడని పంచాయతీ పెట్టింది. ఆమె నీలి అనే పిశాచి. పాత పగ తీర్చుకోవడానికి వచ్చింది. చంకలోది బిడ్డ కాదు, జెముడు కొమ్మ. ఇది నా పెళ్లాం కాదు, నన్ను చంపడానికి వచ్చిందని వర్తకుడు మొత్తుకున్నాడు. వేళాళ పెద్దలు డెబ్బైమంది కూర్చుని ఇద్దరి మాటా విన్నారు. బిడ్డ వర్తకుణ్ణి నాన్నా అని పిలవడం చూశారు. ఈ రాత్రికి ఆమెతో ఉండు, నీ ప్రాణానికేమన్నా అయితే మా డెబ్బైమంది ప్రాణాలూ పూచీ అన్నారు. తెల్లారేసరికి వర్తకుడు శవమై ఉన్నాడు. డెబ్బైమందీ అగ్నిగుండం రగిలించుకుని అందులో దిగారు. అక్కడి సాక్షిభూతేశ్వరుడి గుడి దగ్గర వాళ్ల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. శైవ నాయనారు సంబంధర్ తన పాటలో ఈ కథను తలిచాడు కాబట్టి ఇది పదమూడు వందల ఏళ్ల పైచిలుకు పాతది.

రిటైరయ్యాక ఆరోగ్య బీమా ఎంచుకునే పనిలో పడ్డప్పటి నుంచి నాకు ఈ కథే గుర్తొస్తోంది. అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ కంపెనీ గ్రూపు పాలసీ మా ఇద్దరికీ వర్తించేది. ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. సరిగ్గా మనిషికి ఆసుపత్రితో పని మొదలయ్యే వయసు. ఆ సమయంలో టీవీ పెడితే చాలు, ఒక పెద్ద హీరో కనిపిస్తాడు. తెల్ల జుట్టు వేసుకున్న ముసలి దంపతుల భుజాల మీద చేతులు వేసి, ఇక మీకు ఏ దిగులూ లేదు, నేను చెబుతున్నాను కదా అంటాడు. అప్పుడే తెర అడుగున చీమల బారులాగా అక్షరాలు పరుగెత్తుతాయి. మా ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదవబోయేలోగా అవి మాయం.

ఆ అక్షరాల్లో ఉండేదేమిటో పాలసీ కాగితం తెప్పించుకుని చదివితే తెలిసింది. ఒక్క గది అద్దె సంగతే తీసుకోండి. మూడు లక్షల పాలసీలో గది అద్దె రోజుకు ఒక శాతం, అంటే మూడు వేలు మించకూడదని ఉంది. ఆసుపత్రిలో ఆ వేళకు దొరికింది ఆరు వేల గది అయితే, పైన పడే మూడు వేలు మనం కట్టుకుంటే సరిపోతుందని ఎవరైనా అనుకుంటారు. అలా కాదు. గది అద్దెలో కంపెనీ ఇచ్చేది సగమే కాబట్టి డాక్టరు ఫీజూ, ఆపరేషన్ థియేటరు ఖర్చూ కూడా సగమే ఇస్తుంది. మందులు, పరీక్షలు, ఒంట్లో అమర్చే పరికరాలు మాత్రం ఈ కోతలోకి రావు. రెండు లక్షల బిల్లులో లక్ష దాకా మన నెత్తిన పడవచ్చు. ఆ పైన అరవై దాటినవాళ్లకు ప్రతి క్లెయిములో ఇరవై శాతం మనదే అని ఇంకో చోట ఉంది. కంటి శుక్లాలకూ మోకాలి మార్పిడికీ రెండేళ్లు ఆగాలి. పాలసీకి ముందే ఉన్న జబ్బులకు మూడేళ్లు. 2024 ఏప్రిల్‌కు ముందు అది నాలుగేళ్లు. హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ తగ్గించింది. ఇవేవీ మోసాలు కావు, రాసి ఉన్న షరతులు. కానీ ఏ దిగులూ లేదన్న మాటకు పక్కన వీటిని ఉంచి చూస్తే ఆ మాట నిలవదు.

ఇప్పుడు పళయనూరుకు వస్తాను. ఆ డెబ్బైమందిని మాట కోసం ప్రాణమిచ్చిన పుణ్యాత్ములని అందరూ పొగుడుతారు. నేనూ దండం పెడతాను. కానీ కథలో నన్ను ఆపేది వాళ్ల చావు కాదు, వాళ్లు మాట ఇచ్చిన ఘడియ. ఆ రాత్రి ఊరంతటిలో నిజం తెలిసినవాడు ఒక్కడే, భయపడుతున్న వర్తకుడు. అతని భయమే అతనికున్న జ్ఞానం. పెద్దమనుషులు తమ పేరూ పరువూ అడ్డం పెట్టి ఆ భయాన్ని నిద్రపుచ్చారు. వాళ్లు పూచీ పడకపోతే అతను ఆ గదిలోకి వెళ్లేవాడే కాదు. ముసలితనంలో మనకుండే భయం కూడా అలాంటి జ్ఞానమే. ఒంట్లో ఏముందో, బ్యాంకులో ఎంతుందో, పిల్లలు ఎంత దూరంలో ఉన్నారో ఎరిగిన భయం అది. కాగితం ఇంకోసారి చదవమనేదీ అదే. హీరో నవ్వు మొదట చేసే పని ఆ భయాన్ని మాన్పించడం. నా దృష్టిలో పాపం అక్కడే ఉంది, డబ్బు తీసుకోవడంలో లేదు.

చట్టం ఈ పూచీని కొంత గుర్తించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించినవారికి పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మళ్లీ చేస్తే యాభై లక్షలు. మొదటిసారి ఏడాది దాకా, తర్వాత మూడేళ్ల దాకా ప్రకటనల్లో కనిపించకుండా నిషేధించవచ్చు. 2024 మే 7న సుప్రీంకోర్టు కూడా ప్రకటనలో చెప్పిన మాటకు ప్రముఖులదీ సమాన బాధ్యతేనని చెప్పింది. అయితే తగినంత విచారించాకే ఒప్పుకున్నానని చూపితే జరిమానా ఉండదు. ఈ లెక్కన పళయనూరు పెద్దలు నిర్దోషులే, ఇద్దరి మాటా విన్నారు, బిడ్డను చూశారు. చట్టం వదిలేసే చోట వాళ్లు తమను తాము వదిలిపెట్టుకోలేదు. ధర్మం చట్టం కన్నా ఒక అడుగు ముందు నడవాలంటారే, ఆ అడుగు ఇదే. నటులను ఎవరూ గుండంలో దిగమనడం లేదు. భుజం మీద చెయ్యి వేసే ముందు ఆ పాలసీ మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవమంటున్నాను. చదివాక కూడా ఆ మాటే అనగలిగితే అనమంటున్నాను.

ఈ జాడ్యం మన దగ్గర మాత్రమే కాదు. అమెరికాలో వృద్ధుల మెడికేర్ ప్లాన్లకు జో నామత్ అనే పాత ఫుట్‌బాల్ వీరుడు ఏళ్ల తరబడి టీవీలో కనిపించాడు. ఫిర్యాదులు పెరిగి, 2023 నుంచి అలాంటి టీవీ ప్రకటనలు ముందుగా ప్రభుత్వ సంస్థకు చూపాలని నిబంధన తెచ్చారు. కొడుకుల దగ్గరికి వెళ్లి స్థిరపడ్డ మన తెలుగు తల్లిదండ్రులు అక్కడా ఆ నవ్వులనే చూస్తున్నారు.

అయితే మాట తప్పేది అవతలివాళ్లే అనుకుంటే మా పూండి గుడి ఒప్పుకోదు. ఊన్రీశ్వరుడు మొదట తిరువెణ్‌పాక్కంలో ఉండేవాడు. సత్యమూర్తి సాగర్ కట్టేటప్పుడు పాత గుడి మునకలోకి పోతుందని 1942లో స్వామిని ఇప్పటి చోటికి తెచ్చారు. 1944లో జలాశయం పూర్తయింది. ఆ గుడిలో నంది కొమ్ము విరిగి ఉంటుంది. దాని వెనక ఒక కథ ఉంది. సుందరమూర్తి నాయనారు తిరువొత్తియూరులో సంగిలిని పెళ్లాడేటప్పుడు నిన్ను విడిచి పోనని ఒట్టు వేయాల్సి వచ్చింది. ముందుగా శివుడితో, నేను గుడిలో ఒట్టు వేసేటప్పుడు నువ్వు గర్భగుడిలో ఉండకు, బయట పొగడ చెట్టులో ఉండు అని బతిమాలుకున్నాడు. ఖాళీ గర్భగుడి ముందు వేసిన ఒట్టు తప్పినా పాపం తగలదని అతని ఎత్తు. స్వామి సరేనని, ఆ సంగతి సంగిలికి కలలో చెప్పాడు. ఆమె చెట్టు కిందే ఒట్టు వేయించుకుంది. తిరువారూరు వసంతోత్సవం గుర్తొచ్చి ఊరి పొలిమేర దాటగానే అతని కళ్లు పోయాయి.

బీమా ఫారం నింపే రోజున నాకు ఆ పొగడ చెట్టు కళ్ల ముందు కదిలింది. ఆ హీరో పాలసీ అమ్మే ఏజెంటు మా ఇంటికొచ్చి కూర్చుని, "సార్, మేడమ్ గారి షుగరు సంగతి రాయకండి. ఐదేళ్లు గడిస్తే ఎవరూ అడగరు" అన్నాడు. అరవై నెలలు దాటితే దాచారన్న కారణంతో క్లెయిము కొట్టేయకూడదన్న నిబంధన ఉన్నమాట నిజమే. కానీ మోసమని రుజువైతే అది వర్తించదు. ఆ మాట అతను చెప్పలేదు. బీమా ఒప్పందం మొత్తం ఇరువైపుల సత్యం మీదే నిలబడిందని 1766లోనే లండన్‌లో మాన్స్‌ఫీల్డ్ ప్రభువు తీర్పు చెప్పాడు. దాచిన షుగరు, కిడ్నీ జబ్బుల కారణంగా క్లెయిము నిరాకరించడం సరైనదేనని మన సుప్రీంకోర్టు 2009లో అంది. అడిగిన చోట లేదని టిక్కు పెట్టడం గర్భగుడి ఖాళీ చేయించి ఒట్టు వేయడమే. ఏజెంటును కాఫీ ఇచ్చి పంపించేశాం.

మా అత్తగారిది ఇంకో అభ్యంతరం. "వైద్య వీరరాఘవుడు పక్కనే ఉండగా ఈ కాగితాల మీద నమ్మకమేమిటి నాయనా?" అంది. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేట్లో బెల్లం వేసి, అది కరిగినట్టే జబ్బూ కరగాలని మొక్కే కుటుంబం వాళ్లది. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ కళ్లు పోయిన సుందరమూర్తి తిరువెణ్‌పాక్కం ఊన్రీశ్వరుడి దగ్గరికే వచ్చి, లోపల ఉన్నావా అని అడిగాడు. ఒకనాడు లోపల ఉండొద్దని వేడుకున్నవాడే! ఉన్నాను, పోయిరా అని స్వామి బదులిచ్చి చేతికి ఊతకర్ర ఇచ్చాడు. కళ్లు అడిగితే కర్ర ఇస్తావా అని కోపంతో అతను విసిరితే తగిలి నంది కొమ్ము విరిగింది. తర్వాత కంచిలో ఒక కన్ను, తిరువారూరులో రెండోది వచ్చాయి. అప్పటిదాకా దారి నడిపించింది ఆ కర్రే. "కర్ర ఇచ్చిందీ ఆయనే కదా అత్తయ్యా" అన్నాను. బీమా కర్రే. జబ్బు రాకుండా ఆపదు, దిగులు తీర్చదు. పడిపోకుండా కొంత బరువు మోస్తుంది. దాన్ని కన్నని చెప్పి అమ్మడమే అబద్ధం. కర్ర అని తెలిసి పుచ్చుకుంటే భక్తికి లోటేమీ లేదు.

చివరికి మేం హీరో పాలసీ తీసుకోలేదు. రిటైరయ్యే ముందే రాసి అడిగి, గ్రూపు పాలసీ ఉన్న కంపెనీలోనే సొంత పాలసీకి మారాం. పాత మూడు లక్షల మేరకు గడిచిన ఏళ్లు లెక్కలోకి వచ్చాయి. పెంచుకున్న రెండు లక్షలకు మాత్రం షుగరూ, నా బీపీ విషయంలో మళ్లీ మొదటి నుంచి ఆగాలి. రెండూ ఫారంలో రాశాం, ప్రీమియం ఎక్కువే పడింది. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే తిప్పి పంపడానికి ముప్పై రోజుల గడువుంది. ఆ గడువులోనే గది అద్దె పరిమితి లేదని కాగితంలో సరిచూసుకున్నాం. కంపెనీ క్లెయిము కాదంటే ముందు కంపెనీకే రాయాలి, నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఓంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా రాయవచ్చు. చెన్నై ఓంబుడ్స్‌మన్ ఆఫీసు చిరునామా మా ఆవిడ ఫైలు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది.