గ్రాము రేడియం ఎవరి సొత్తు?

భూమిలో దొరికిన దానికి యజమాని ఉంటాడా? 1902లో క్యూరీ దంపతులు టన్నులకొద్దీ ఖనిజపు పిప్పిని మరిగించి, వడగట్టి తీసింది గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్. ఆ పద్ధతికి పేటెంట్ తీసుకోవడం విజ్ఞాన ధర్మం కాదనుకున్నారు.

వ్యాపారులకు ఆ పట్టింపు లేదు.

1921లో అమెరికా మహిళలు చందాలు పోగేసి, లక్ష డాలర్లకు ఒక్క గ్రాము కొని మేరీ క్యూరీకి కానుకిచ్చారు. వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు హార్డింగ్ ఆమె చేతిలో పెట్టింది రేడియం పెట్టె తాళంచెవి మాత్రమే. సరుకు అక్కడికి తేలేదు. ముందురోజు రాత్రే లాయర్‌ను వెతికించి ఆమె దానపత్రం మార్పించారు: తన తర్వాత అది కూతుళ్ల ఆస్తి కాకూడదు, ప్రయోగశాలదే కావాలి. దీన్ని త్యాగమనడం తేలిక. ఆస్తి సంగతి బాగా తెలిసిన మనిషి జాగ్రత్త అనడమే సబబేమో.

కొద్దికాలానికే బెల్జియన్ కాంగోలోని షింకొలోబ్వే గని రేడియం ఖనిజం బజారుకెక్కింది. గ్రాము సుమారు 70 వేల డాలర్లకు దిగింది. అప్పటిదాకా ఆ ఖనిజం తవ్విన అమెరికాలోని కొలరాడో గనులు చాలావరకు మూతపడ్డాయి.