తోడు

రాత్రి పాలు తోడు పెట్టి పడుకుంటాం. మధ్యలో లేచి గిన్నె కదపం. కదిపితే పెరుగు సరిగ్గా పేరుకోదు. దాని సమయం దానికి కావాలి.

రొమ్ములో గడ్డ తగిలి, బయాప్సీ చేయించుకుని, రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న ఒక అమ్మ ఈ పూట రేడియో దగ్గర ఉండొచ్చు. ఫోన్ మోగితే గుండె ఝల్లు. మోగకపోతే మరీ భయం.

అమ్మా, ఆలస్యమైతే చెడ్డ కబురని కాదు. ల్యాబులో ఆ ముక్కను మైనంలో పొదుగుతారు. ఉల్లిపొరకన్నా పలచగా కోస్తారు. రంగులద్ది మైక్రోస్కోపులో చూస్తారు. హార్మోన్ పరీక్షలుంటే ఇంకొన్ని రోజులు. దాని సమయం దానికి కావాలి.

ఒకవేళ క్యాన్సరని తేలినా, ఆపరేషన్ సంగతి సాధారణంగా ఆ నిమిషంలోనే తేల్చక్కర్లేదు. గడ్డ మటుకు తీసి రేడియేషన్ ఇవ్వడమా? రొమ్మంతా తీయడమా? తొలిదశలో చాలామందికి ఏ దారైనా ఆయుష్షు ఒకటేనని 20 ఏళ్ళ పరిశీలనలు చెప్పాయి. మీకేది సరిపోతుందో డాక్టరుగారిని అడగండి. ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళండి. అక్కనో, చెల్లినో, స్నేహితురాలినో వెంటబెట్టుకెళ్ళండి.

పాలకు కావలసింది కాస్త సమయం, చెంచాడు తోడు. మనిషికీ అంతే. కాస్త సమయం. ఒక తోడు.