తప్పెట ఎవరి మెడలో?

మా నాయన తప్పెట కొట్టేవాడు. నాకు కొట్టడం రాదు. రాకుండా చేసింది నాయనే. చిన్నప్పుడొకసారి గూటానికి తగిలించిన తప్పెట మీద వేళ్లతో తట్టితే, చింతబరికె తీసుకుని చేతి మీద ఒకటేసి, 'నీ చేత్తో బలపం పట్టు, పుల్ల పట్టద్దు' అన్నాడు. ఆ దెబ్బ చలవే, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది, మొదటి సర్కారు జీతమూ నాదే.

ఇప్పుడు కొత్తచెరువు పక్క బడిపంతుల్ని. 2022లో మా జిల్లా పేరు మారింది, కరువు మారలేదు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి పెట్టి, స్థానిక వృత్తులవాళ్ల దగ్గర పని నేర్పమంది. వడ్రంగి, కుమ్మరి, కళాకారుడు అని రాసినారు. మంచిదే. ఆ మాట వచ్చినప్పుడు తోటి పంతులొకాయన నవ్వుతా, 'తప్పెటకేముంది సార్, మీవాళ్లకు రక్తంలోనే ఉంటుంది' అన్నాడు. పొగిడినాననే అనుకున్నాడు పాపం. రక్తంలో ఉంటే మా నాయన వేళ్లెందుకు కాయలు కాసినాయి? పెండ్లి దెబ్బకూ చావు దెబ్బకూ జాతర దెబ్బకూ తేడా ఎవరు కట్టినారు?

ధర్మవరం మండలం నిమ్మలకుంట మాకు దూరమేమీ కాదు. అక్కడ మేకతోలుతో బొమ్మలు చేస్తారు. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ఇచ్చినారు. ఇవ్వాల్సిందే. ఆటకు జనం తగ్గినా, దీపాల తొడుగులు చేసైనా ఆ పనిని బతికించుకున్నారు. నా తగువు వాళ్లతో కాదు. అదే మేకతోలు బొమ్మయితే గోడకు అలంకారం. తప్పెటయితే మోసినవాణ్ణి గడప తొక్కనియ్యలేదు. మైల తోలులో ఉందా మరి?

నాయన్నడిగి ఆ తప్పెటే తరగతికి తెచ్చినాను. చెక్క చట్రం, తోలు, అతికించడానికి చింతగింజల జిగురు. ముసురు పట్టిన రోజు అది పలకదు, మూలుగుతుంది. మంట దగ్గర కాచితే తేమ పోయి తోలు బిగుస్తుంది, అప్పుడు ఖంగుమంటుంది. ధ్వని పాఠానికి ఇంతకన్నా పరికరం ఏ ల్యాబులో ఉంది? కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన పుస్తకంలో తోలుపనిని విజ్ఞానంగానే చూపించినాడు. మా బీయెడ్‌లో మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు.

ఎవరు కొడతారంటే అన్ని కులాల చేతులూ లేచినాయి. మా వాడ పిల్లోడొకడు తల దించుకున్నాడు. వాని తాత తప్పెటగాడు. బయటికి పిలిచి అడిగితే, 'వాళ్లు కొడితే ఆట సార్. నేను కొడితే కులం' అన్నాడు.

1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా ఇదే డప్పును మెడలో వేసుకుని ఊరేగి సిగ్గును జెండా చేసింది. కానీ అది వాళ్లంతట వాళ్లు వేసుకున్న డప్పు. పన్నెండేండ్ల పిల్లోడు ఒక్కడే నిలబడి ఆ నిర్ణయం తీసుకోగలడా? తీసుకోకముందే నేను వాని మెడలో వేస్తే, ఊరి పెద్ద వేసినదానికీ పంతులు వేసినదానికీ తేడా ఏముంది? అట్లని దాచితే? మా నాయన దాచినాడు. నాకు డిగ్రీ వచ్చింది, చెయ్యి మూగదైంది.

చివరికి ఒక కట్టుబాటు పెట్టినాను. తోలు నానబెట్టడం, బిగించడం, మంట కాడ కాచడం అందరికీ వంతులు. తోలు ముట్టనోనికి పుల్ల లేదు. వెట్టి సంగతీ చెప్పినాను. చావింటి ముందర రాత్రంతా కొట్టినోనికి ఏమిచ్చేవాళ్లో, ఏడ కూచోబెట్టి పెట్టేవాళ్లో. ఇద్దరు పిల్లోల్లు తోలు ముట్టినట్టు ఇండ్లల్లో చెప్పలేదంట. తల దించుకున్నోన్ని బలవంతం చెయ్యలేదు. వాడు మూడోరోజు మంట కాడికొచ్చి కూచున్నాడు, అంతే.

నేర్పించడానికి నాయన్ను రమ్మన్నాను. చానాసేపు పలకలేదు.

'కుర్చీ ఏస్తావా?'

'ఏస్తా నాయనా.'

'ఆ పిల్లోల్లు నన్నేమని పిలుస్తారు?'

'సారనే.'

మళ్లా కొంచెంసేపు ఊరుకుని, 'మరి నువ్వూ నేర్చుకుంటావా?' అన్నాడు.

నేనింకా జవాబు చెప్పలేదు.