ఉండిపోయినవాళ్ళు ఏ లెక్కలో?

నాలుగేళ్ళ కిందట పది నెలల ఫెలోషిప్ మీద విదేశానికి వెళ్ళాను. అప్పటికి మా పాపకి మూడేళ్ళు. కాకినాడలో స్కూలు టీచరుగా చేస్తున్న అమ్మ జీతం లేని సెలవు పెట్టి హైదరాబాదు వచ్చి మా ఇంట్లో ఉంది. మా ఆయన కూడా ఆ ఇంట్లోనే ఉన్నాడు. సెలవు పెట్టమని అతన్ని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఈ మాట రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, అధ్యాపకులు, పరిశోధకులు దేశాలు దాటి చేసే రాకపోకల మీద వచ్చిన పరిశోధనని సమీక్షించే పని ఈమధ్య మీద వేసుకున్నాను. ‘అకడమిక్ మొబిలిటీ’ అంటారు దీన్ని. ఇందులో వ్యాసాలు ఎంతగా పెరిగాయంటే, ఇప్పుడు వాటికి పటాలు గీస్తున్నారు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ వంటి డేటాబేసుల నుంచి వ్యాసాల వివరాలు దించుకుని, నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో తయారైన వాస్‌వ్యూయర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వేస్తే, ఏ మాట ఏ మాటతో కలిసి వస్తోందో రంగురంగుల వృత్తాలుగా కనిపిస్తుంది. ఎక్కువసార్లు వచ్చిన మాటకి పెద్ద వృత్తం.

ఈ రంగం ఎటు నుంచి ఎటు నడిచిందో ఆ మాటల్లోనే తెలుస్తుంది. 1963లో బ్రిటన్ నుంచి శాస్త్రవేత్తల వలస మీద రాయల్ సొసైటీ నివేదిక ఇచ్చిన రోజుల్లో ‘బ్రెయిన్ డ్రెయిన్’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది. అందులో నష్టపోయేది దేశం. తర్వాత ‘మేధో ప్రసరణ’ అన్నారు. వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారు, రాకపోయినా వాళ్ళ జ్ఞానం వస్తుంది, నష్టమేమీ లేదని దాని అర్థం. ఆ తర్వాత విశ్వవిద్యాలయాల అంతర్జాతీయీకరణ, కెరీర్ వంటి మాటలు చేరాయి. లూయీస్ ఆకర్స్, హైకె యోన్స్, లూయీస్ మోర్లీ వంటి స్త్రీలు ఇందులో జెండర్‌నీ, బయటికి రాని కథల్నీ ముందుకి తెచ్చారు. వాళ్ళ రాతలే లేకపోతే నేను ఈ వ్యాసం మొదలుపెట్టేదాన్నే కాదు.

అయినా లెక్కలో చిక్కుంది. కదలికని కొలిచే ఒక పద్ధతి, వ్యాసం మీద రాసిన సంస్థ చిరునామా చూడటం. నిన్న హైదరాబాదు, ఇవాళ బెర్లిన్ అని ఉంటే ఆ మనిషి కదిలినట్టు. ఆ పది నెలల్లో నేను అచ్చువేసుకున్నది ఒకే ఒక్క తెలుగు వ్యాసం. తెలుగు పత్రికలకి ఆ డేటాబేసుల్లో చోటు దాదాపు లేదు. కాబట్టి లెక్క ప్రకారం నేనెక్కడికీ వెళ్ళలేదు. పెళ్ళికి ముందు పుట్టింటిపేరుతోనూ తర్వాత అత్తింటిపేరుతోనూ రాసిన నా స్నేహితురాలు అక్కడ ఇద్దరు మనుషులు. 2012లో వచ్చిన ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య ఇలాంటి చీలికల్ని కొంత అతుకుతుంది. ఇవన్నీ సరిచేసుకోదగ్గ లోపాలే. కానీ అమ్మ కూడా కదిలింది కదా, కాకినాడ నుంచి హైదరాబాదుకి! ఆ కదలికని ఏ డేటాబేసులో వెతకాలి?

ఈ వ్యాసాల్లో కుటుంబం చాలాసార్లు ‘అవరోధం’ అనే పేరుతోనే కనిపిస్తుంది. పిల్లలు అవరోధం, పెద్దవాళ్ళు అవరోధం. స్త్రీల విషయంలో అది అబద్ధమేమీ కాదు. కానీ నన్ను పంపింది కూడా కుటుంబమే. ఒకరి చాకిరీ మీద ఇంకొకరి ప్రయాణం నిలబడినప్పుడు, ఆ చాకిరీకి పేరు లేకపోవడం కేవలం పద్ధతిలో లోపం కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

మనకి బాగా తెలిసిన ఉదాహరణే చెప్తాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. తర్వాత లెడర్లీ సంస్థలో మందుల పరిశోధన నడిపించారు. 1948లో అక్కడే చనిపోయారు, మళ్ళీ ఇండియాకి రాలేదు. ఆ ప్రయాణానికి డబ్బు సమకూర్చినవాళ్ళలో ఆయన మామగారు ఉన్నారు. అంటే భార్య పుట్టింటి సొమ్ము. ఆ భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. స్కూలు పాఠంలో సుబ్బారావుగారి గురించి చదువుకున్నప్పుడు నాకు ఆవిడ పేరు తెలియదు. ఆయన మందులు ఎందరి ప్రాణాలో నిలబెట్టాయి, ఆ మాట చిన్నదేం కాదు. అయితే ఎందరికో జరిగిన మేలు ఒక్క మనిషి ఎదురుచూపుని చెల్లువేస్తుందా? నా దగ్గర జవాబు లేదు. ఆ ఎదురుచూపుని లెక్కలో రాయకుండా చెల్లయిపోయిందనడం మాత్రం తప్పని తెలుసు.

అలాగని వెళ్ళడం తప్పంటానా? అనను. గడప దాటడానికే మన ఆడవాళ్ళు ఎంత పోరాడారో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. వెళ్ళడం హక్కు. వెళ్ళినవాళ్ళే ప్రతిభావంతులనడం వేరే సంగతి. యూరప్‌లో మేరీ క్యూరీ పేరుతో ఇచ్చే ఫెలోషిప్పులకి ఒక నియమం ఉంది. దరఖాస్తు గడువుకి ముందు 36 నెలల్లో 12 నెలలకి మించి ఆ ఆతిథ్య దేశంలో ఉండి ఉండకూడదు. సరిహద్దు దాటితేనే అర్హత.

ఆ మేరీ క్యూరీ కథే చూడండి. వార్సా విశ్వవిద్యాలయం ఆడపిల్లల్ని చేర్చుకోని రోజుల్లో, అక్క బ్రోన్యా పారిస్‌లో వైద్యం చదవడానికి వెళ్తే చెల్లెలు ఉండిపోయి, ఇళ్ళలో పిల్లలకి చదువు చెప్పి డబ్బు పంపింది. తర్వాత చెల్లెలి వంతు వచ్చింది. 1891లో ఆమె పారిస్ చేరింది. ఒకరు ఉంటే ఒకరు వెళ్ళారు, మాట్లాడుకుని, వంతులు వేసుకుని. ఫెలోషిప్పు నియమంలోకి ఆమె ప్రయాణం వచ్చింది గానీ ఆ ఒప్పందం రాలేదు. నాకు ఆ ఒప్పందంలోనే నీతి కనిపిస్తోంది. ఉండిపోయే మనిషికి తన వంతు ఉందా, ఆమెని ముందుగా అడిగారా అన్నవే అసలు ప్రశ్నలు.

అమ్మకి ఆ ఏడాది ఇంక్రిమెంటు వెనక్కి జరిగింది. నిరుడు రిటైరైంది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగాను, “అప్పుడు నీకు రావాలనే ఉందా అమ్మా?” అని. అరిసెలు డబ్బాలో సర్దుతూ, “నువ్వు అడిగావా ఏంటే? టికెట్టు చూపించావు” అంది. కోపంగా కాదు, జరిగింది చెప్పినట్టే. “పోనీ ఇప్పుడు నీ వంతు” అన్నాను. “దేనికి?” అంది. నాకూ తెలియలేదు.

నా సమీక్ష కోసం తోటి అధ్యాపకుల్ని అడగడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశాను. ఏ దేశం, ఎన్ని నెలలు, ఎన్ని ప్రచురణలు అనే మామూలు ప్రశ్నల కింద ఇంకో రెండు చేర్చాను. మీరు వెళ్ళినప్పుడు ఎవరు ఉండిపోయారు? వాళ్ళని ముందుగా అడిగారా? మొదటి కాగితం నేనే నింపాను. మొదటిదానికి అమ్మ పేరు రాశాను. రెండోదానికి, లేదు అని రాశాను.