ఏ సామాను మారితే బండి మారినట్టు?

పాత పికప్ బండికి ఒక్కో సామానూ మారుస్తూ పోతే ఎక్కడో ఒకచోట అది వేరే బండి అయిపోతుందా, లేక ఎన్ని మార్చినా అదే బండా? క్లచ్ ప్లేటు అరిగితే కొత్తది వేస్తారు. గేర్‌బాక్స్ మొరాయిస్తే సెకండ్ హ్యాండ్‌ది వెతికి తెస్తారు. ఇంజిను బోరింగ్‌కు పోతుంది. క్యాబిన్ కింద తుప్పు తిన్న రేకు కోసేసి కొత్త రేకు అతుకుతారు. కమాను కట్టలో పట్టీలు ఒక్కొక్కటే విరిగి మారిపోతాయి. పాతికేళ్లు తిరిగేసరికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఇనుములో చాసిస్ తప్ప పెద్దగా ఏమీ మిగలకపోవచ్చు. అయినా యజమాని దాన్ని నాన్న కొన్న బండి అనే చెబుతాడు, వినేవాళ్లూ కాదనరు. అలా కాదనకపోవడానికి ఆధారం ఏమిటన్నది భారతీయ దర్శనాలు శతాబ్దాల తరబడి తగవులాడుకున్న ప్రశ్న.

హైదరాబాద్‌లో బర్కత్‌పుర చుట్టుపక్కల ఈ తగవులోని పక్షాలు నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. వస్తువుల మధ్య భేదం సత్యమేనని చెప్పే మధ్వ సంప్రదాయానికి చెందిన రాఘవేంద్రస్వామి మఠం బర్కత్‌పురలో ఉంది. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు సిటీ సెంట్రల్ లైబ్రరీ, కోచింగ్ సెంటర్లు ఉన్నాయి. సివిల్స్‌కు ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్న అభ్యర్థి చదవాల్సిన సిలబస్‌లో న్యాయ వైశేషికాలూ బౌద్ధమూ పక్కపక్కనే ఉంటాయి. ఈ మధ్యలో ఏ సందులోనైనా షట్టర్ ముందు గోనెసంచి పరిచి ఇంజిను విప్పిన మిస్త్రీ కనిపిస్తే, ఆ గోనెసంచి మీదున్నదాన్ని ఇంజిను అనవచ్చా అన్నదే ఈ శాస్త్రాలకు తొలి మెట్టు.

ఆ మెట్టు మీద మొదట అడుగు పెట్టించింది బౌద్ధులు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు గ్రీకు రాజు మినాండర్‌కూ భిక్షువు నాగసేనుడికీ జరిగిన సంవాదంగా పాళీలో నిలిచిన మిళిందపన్హలో రథం ఉదాహరణ ప్రసిద్ధం. రాజు రథమెక్కి వచ్చాడు. ఆ రథం అంటే ఇరుసా, చక్రమా, కాడా అని భిక్షువు వరసగా అడుగుతాడు. రాజు దేనికీ ఔననలేడు. అవన్నీ కలిపితే రథమా అంటే ఔననలేడు, అవి కాక వేరే ఏదైనా ఉందా అన్నా ఔననలేడు. ఈ భాగాలను ఆధారం చేసుకుని వ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథమన్నది అక్కడ తేలిన మాట. 7వ శతాబ్దంలో బౌద్ధ తాత్త్వికుడు చంద్రకీర్తి ఈ విచారణను ఏడు ప్రశ్నలుగా విస్తరించాడు; భాగాల కుప్పే రథమా, ఆకారమే రథమా అన్నవి కూడా వాటిలో ఉన్నాయి. గోనెసంచి మీద కుప్పలో సామాను ఒక్కటీ తక్కువ లేదు, కానీ అది మూట మోయదు. ఇంజిను పట్టేసి రోడ్డు పక్కన నిలిచిపోయిన పికప్‌కు ఆకారం చెక్కుచెదరలేదు, కానీ అదీ మూట మోయదు.

న్యాయ దర్శనంవాళ్లు, అంటే నైయాయికులు, దీనికి ఒప్పుకోలేదు. పేరే తప్ప వస్తువు లేదంటే దారాలే ఉన్నాయి, గుడ్డ లేదు అనాల్సి వస్తుంది. కప్పుకున్నది దారాలను కాదు కదా అన్నది వాళ్ల పట్టు. భాగాలు అవయవాలు, వాటిలో సమవాయమనే విడదీయరాని సంబంధంతో పుట్టిన కొత్త వస్తువు అవయవి. తర్కం నేర్చుకునేవారికి ఇప్పటికీ మొదటి పుస్తకంగా ఉన్న తర్కసంగ్రహాన్ని 17వ శతాబ్దంలో రాసిన అన్నంభట్టు తెలుగువాడు. అందులో కార్యానికి మూడు కారణాలు చెప్పాడు. గుడ్డకు దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, మగ్గం వంటివి నిమిత్త కారణం. పికప్‌కు వర్తింపజేస్తే సామాన్లు, వాటి బిగింపు, పానాలూ మిస్త్రీ అన్నమాట. నట్టు బిగింపును కూడా కారణాల వరసలో కూర్చోబెట్టిన దర్శనం మరొకటి దొరకడం కష్టం.

అయితే ఈ సిద్ధాంతానికి కట్టాల్సిన మూల్యం ఎక్కువే. గుడ్డలో ఒక దారం లాగేస్తే పాత గుడ్డ నశించి, మిగిలిన దారాల నుంచి ఖండపటమనే కొత్త గుడ్డ పుడుతుందని ఈ సంప్రదాయం తెగించి చెప్పింది. ఆ లెక్కన ఒక గేర్‌బాక్స్ దించితే పాత బండి పోయినట్టే, తిరిగి ఎక్కిస్తే మరో బండి పుట్టినట్టే. అదే బండి అని గుర్తుపట్టడం పోలిక వల్ల కలిగే భ్రమగా మిగులుతుంది. వాదం గట్టిదే, కానీ దాన్ని నమ్మితే బండిని షెడ్డులో వదిలి సాయంత్రం తీసుకెళ్లిన ప్రతి యజమానీ వేరే బండితో ఇంటికి చేరినట్టవుతుంది. మధ్వ సంప్రదాయం ఈ ఇరుకును చూసే మధ్యదారి పట్టింది: వస్తువు ఉన్నంతకాలం విడదీయరాని ధర్మాలతో దానికి అభేదం, మధ్యలో వచ్చిపోయేవాటితో భేదాభేదం. టైరుకు భేదాభేదం చెప్పడం సులువు. చాసిస్‌కు ఏది చెప్పాలన్నదే చిక్కు.

చట్టం ఆ చిక్కును ఒక నంబరుతో తేల్చేసింది. 1988 మోటారు వాహనాల చట్టం కింద ఇచ్చే ఆర్సీలో చాసిస్ నంబరూ ఇంజిను నంబరూ రెండూ ఉంటాయి. ఇంజిను మార్చాలంటే అధికారి అనుమతి తీసుకుని కొత్త నంబరు ఎక్కించుకోవచ్చు, బండి అదే. చాసిస్ నంబరు చెరిపితే మాత్రం బండి ఎవరిదో, ఏదో చెప్పే ఆధారమే పోతుంది. ఈ గుర్తింపుకూ బండి పనితనానికీ చట్టం ముడిపెట్టలేదన్నది గమనించాలి. సరుకు మోసే పికప్ ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లాలి. అక్కడ ఓడిపోయినా అది అదే బండి, కాకపోతే నడపకూడని బండి. 2021లో వింటేజ్ వాహనాల కోసం తెచ్చిన కేంద్ర నిబంధనలు ఇంకో ప్రమాణం పెట్టాయి. యాభై ఏళ్లు దాటి, చాసిస్‌లో, బాడీలో, ఇంజినులో పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉన్నదే వింటేజ్. యాభై ఏళ్లూ లోడు మోసిన బండికి ఆ గౌరవం దక్కడం కష్టం, షెడ్డులో ముసుగేసుకుని పడుకున్నదానికి సులువు.

ఇంతవరకూ వచ్చిన పక్షాలన్నిటిలో ఒక లోపం ఉమ్మడిగా ఉంది. కొత్తగా వచ్చే భాగాన్ని పాత బండితో ఏ సంబంధమూ లేని పరాయిదిగా అన్నీ భావించాయి. సామాను వెతకడానికి బజారుకు వెళ్తే సంగతి వేరని తెలుస్తుంది. హుస్సేన్‌సాగర్ అవతల రాణిగంజ్‌లో స్పేర్ పార్ట్స్ దుకాణాలు, పనిముట్ల దుకాణాలు వరుసగా ఉంటాయి. పాత మోడల్ పేరూ సంవత్సరమూ చెబితే సగం పనే అవుతుంది. శాంపిల్ తెచ్చారా అన్న మాట వెంటనే వినిపిస్తుంది. విప్పిన క్లచ్ ప్లేటు కౌంటర్ మీద పెడితే, కొత్తదాన్ని దాని మీద బోర్లించి వ్యాసం సరిచూస్తారు, మధ్య రంధ్రంలో పళ్లు లెక్కపెడతారు. ఒక్క పన్ను తేడా ఉన్నా అది ఆ బండిది కాదు. పోయే సామానే వచ్చే సామానును ఎంపిక చేస్తుంది. తయారుచేసిన సంస్థ చేతులు మారినప్పుడు ఈ శాంపిల్ మాటకు బలం మరీ ఎక్కువ. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తేలికపాటి ట్రక్కులు చేసింది; తర్వాత ఆ ట్రక్కుల వ్యాపారం మహీంద్రా చేతికి వెళ్లింది. అలాంటి బండికి కంపెనీ సామాను కావాలని పట్టుబడితే ముందు ఏ కంపెనీ అన్న ప్రశ్న వస్తుంది. చేతిలోని అరిగిన ముక్కకు ఆ బాధ లేదు.

సామాన్లన్నీ ఒక జాతివి కావు. బాల్ బేరింగ్‌కు 6205 అన్న అంకె ఉంటే దాని లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15. అది పికప్‌లో ఉన్నా పిండిమరలో ఉన్నా అంతే. వైశేషికులు సామాన్యం అన్నదానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు: వ్యక్తులు అనేకం, వాటన్నిటిలో ఉన్నది ఒకటే. ఇలాంటి సామాను మార్చినప్పుడు బండి స్వరూపానికి ఏమీ కాదు, ఎందుకంటే మొదటి నుంచీ అది ఆ బండికి ప్రత్యేకమైనది కాదు.

క్రాంక్ షాఫ్ట్ దగ్గర కథ పూర్తిగా మారుతుంది. బేరింగుల్లో ఏళ్ల తరబడి తిరిగి తిరిగి దాని జర్నళ్లు గీతలు పడి గుండ్రదనం కోల్పోతాయి. వాటిని గ్రైండింగ్ మిషన్ మీద పావు మిల్లీమీటరు తగ్గిస్తారు. షెడ్డు భాషలో పది థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పది. తగ్గిన జర్నల్‌కు స్టాండర్డ్ బేరింగ్ వదులవుతుంది కాబట్టి అంతే మేరకు మందంగా ఉన్న అండర్‌సైజ్ బేరింగ్ కొనాలి. మరోసారి అరిగితే ఇరవై థౌ, ఆ పైన ముప్పై. సిలిండర్ బోరింగ్‌లో ఇదే తిరగబడుతుంది: రంధ్రం పెద్దదవుతుంది, ఓవర్‌సైజ్ పిస్టన్ కావాలి. అంటే నిన్న డబ్బా విప్పి తీసిన బేరింగ్ ఒక రోజు కూడా తిరగకముందే ఆ బండి అరుగుదలను తన కొలతలో మోస్తోంది. ఎన్ని వేసవుల్లో ఎంత లోడు మోసిందో, ఎన్నిసార్లు ఆయిల్ తగ్గినా పట్టించుకోకుండా నడిపారో, ఆ నష్టమంతా బేరింగ్ వెనుక గుద్దిన అంకెగా మిగిలింది. ఆ బేరింగ్ అదే మోడల్‌కు చెందిన పక్క బండికి పట్టకపోవచ్చు.

బౌద్ధులు వాసన, సంస్కారం అన్నవి ఇలాంటి చోటే అర్థవంతమవుతాయి. ప్రవాహంలో ఏ క్షణమూ నిలవదు, కానీ ముందు క్షణం వెనుకదానికి ఒక ముద్ర వేసి పోతుంది. అలా ముద్ర వేసుకుంటూ సాగే క్షణాల వరుసే సంతానం. నాగసేనుడు రథాన్ని విప్పి చూపించాడు గానీ మరమ్మతు చేయించలేదు. చేయించి ఉంటే పేరు అన్న సమాధానంతో ఆగనవసరం లేకపోయేది. మారిన భాగం మారక మిగిలిన భాగాల కొలతకు లొంగి రావాలి. పాత బండి అన్న మాటలో నిజం ఆ లొంగుబాటంత. ఈ నిజానికి ఎక్కువ తక్కువలు ఉండటం లోపం కాదు. ముప్పై థౌ కూడా దాటి క్రాంక్ పనికిరాకుండా పోతే కొత్త క్రాంక్ తెచ్చి స్టాండర్డ్ బేరింగులతో మళ్లీ మొదలుపెడతారు. ఆ ఒక్కచోట చరిత్ర చెరిగిపోయింది. అక్కడ బండి కొంత కొత్తదైందని ఒప్పుకోవాల్సిందే.

పనిముట్ల సంగతికి వస్తే, అవి కార్యంలో చేరవు. పని అయ్యాక డబ్బాలోకి వెళ్లిపోతాయి. అయినా బండి పుట్టుపూర్వోత్తరాలు పానా పట్టినప్పుడే బయటపడతాయి. మహీంద్రా పాత జీపుల నమూనా అమెరికా విల్లీస్‌ది, వాటి బోల్టులు అంగుళాల లెక్కవి. తర్వాతి కాలపు మోడళ్లలో ఫ్రాన్స్ ప్యూజో డీజిల్ ఇంజిను వచ్చింది, దాని బోల్టులు మిల్లీమీటర్లవి. ఒకే బండి కింద పడుకున్న మిస్త్రీకి రెండు సెట్ల పానాలు కావాలి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, 13 పానా దాని మీద కూర్చున్నట్టే కూర్చుని, బిగువుగా ఉన్న బోల్టును తిప్పబోతే జారి మూలలు గుండ్రం చేసేస్తుంది. మూడు పావుల అంగుళం బోల్టుకు 19 పానా దాదాపు సరిపోతుంది కాబట్టి అక్కడ తప్పు తెలియదు. దసరాకు ఈ పానాలకే పసుపు కుంకుమ పెట్టి, ఆ రోజు వాటిని వాడకుండా ఆయుధపూజ చేస్తారు. బిగింపు లేకపోతే సామాను కుప్పగానే ఉంటుందని తెలిసినవాళ్లు నిమిత్త కారణానికి ఇచ్చే గౌరవమది.

మతానికి ఈ ప్రశ్న బండ్ల కంటే చాలా ముందే గుడుల దగ్గర ఎదురైంది. పూరీ జగన్నాథుడి దారువిగ్రహాలను నవకళేబరంలో పూర్తిగా మార్చి, లోపలి బ్రహ్మపదార్థాన్ని పాతదాని నుంచి కొత్తదానిలోకి చేరుస్తారు. 1996లోనూ 2015లోనూ అలా జరిగింది. యాదగిరిగుట్టలో పునర్నిర్మాణం సాగినంతకాలం తాత్కాలికమైన బాలాలయంలో పూజలు జరిపి, 2022 మార్చిలో ప్రధానాలయాన్ని తిరిగి తెరిచారు. కొండగుహలోని మూలవిరాట్టు మారలేదు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మేలో కూలిపోతే అదే చోట కొత్తది లేచింది. పూరీలో ద్రవ్యమంతా మారినా లోపలిదొకటి కొనసాగింది, గుట్టలో మూలం కదలకుండా చుట్టూ మారింది, కాళహస్తిలో స్థలమూ సంకల్పమూ తప్ప ఏమీ మిగల్లేదు. మూడింటికీ భక్తులు అదే అంటారు, మూడింట్లోనూ వేరే కారణంతో. ఆర్సీలోని చాసిస్ నంబరు మూలవిరాట్టు తరహాకు చెందుతుంది.

పాశ్చాత్యుల్లో ఈ సమస్యకు పాత రూపం, పలకలు ఒక్కొక్కటే మారుస్తూ కాపాడారని ప్లూటార్క్ చెప్పిన థీసియస్ నౌక. 1655లో థామస్ హాబ్స్ దానికి ఒక మెలిక పెట్టాడు: తీసేసిన పాత పలకలన్నీ ఎవరో దాచి, అదే వరుసలో మళ్లీ నౌక కడితే ఏది అసలుది? పికప్‌కు ఇది వర్తించదు. ఓడ పలక తీసేశాక కూడా పలకే, పక్కదానితో కలుస్తుంది. బండిలోంచి తీసేసినవి గీతలు పడ్డ బేరింగులు, పళ్లు అరిగిన గేర్లు, విరిగిన కమాను పట్టీలు, చివికిన రేకు. వాటన్నిటినీ కూర్చినా ఆ రెండో బండి గజం దూరం కదలదు. పైగా అవి ఒక కాలానివి కావు. పది థౌ బేరింగ్ తీసేనాటికి జర్నల్ ఇరవై థౌకు దిగిపోయింది, కాబట్టి పాత ముక్కలు ఒకదానికొకటి కూడా పట్టవు. అసలు ద్రవ్యంలోనే గుర్తింపు ఉందనేవారు ఆర్సీని ఆ కుప్పకే ఇవ్వాలి.

బండి పూర్తిగా పనికిరాకుండా పోయినప్పుడు యజమాని పద్నాలుగు రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా, ఆ సంగతి అధికారికి తెలిపి ఆర్సీ అప్పగించాలని చట్టంలోని 55వ సెక్షన్ చెబుతుంది. తర్వాత తుక్కుకు విప్పితే పనికొచ్చే గేర్‌బాక్స్ ఒక బండికి, డిఫరెన్షియల్ మరో బండికి, తలుపులు ఇంకోదానికి వెళ్తాయి. అవయవి నశించింది, అవయవాలు మిగిలాయి అంటాడు నైయాయికుడు. పోవడానికి పేరు తప్ప ఏముందంటాడు బౌద్ధుడు. గేర్‌బాక్స్ కొన్నవాడు మాత్రం తన బండిలో దాన్ని ఎక్కించే ముందు షాఫ్ట్ పళ్లు తన పాత క్లచ్ ప్లేటుతో సరిపోతాయో లేదో చూసుకుంటాడు.