చైనా నృత్యం, పలు దేశాల నర్తకులు

అమెరికా నగరాల్లో చైనా సంతతివారు నడిపే స్వచ్ఛంద నృత్యబృందాలలో, అంటే జీతం కోసం కాక ఇష్టంకొద్దీ వారాంతాల్లో సాధన చేసేవారి బృందాలలో, చైనాలో శిక్షణ పొందిన గురువుతో పాటు తైవాన్, మలేషియాల నుంచి వచ్చినవారు, అమెరికాలోనే పుట్టి పూర్వికుల భాష అంతగా రానివారు, 1990ల నుంచి చైనా అనాథాశ్రమాలను విడిచి అమెరికన్ కుటుంబాలకు దత్తు వెళ్లినవారు, చైనాతో ఏ రక్తసంబంధమూ లేనివారు కూడా కనిపిస్తారు. దీన్ని కల్తీగా భావించడం ఆ కళ చరిత్రకు అన్యాయం చేయడమే. ఆధునిక చైనా నృత్యానికి పునాది వేసినవారిలో అగ్రగణ్యురాలైన దై ఐలియన్, 1916లో కరీబియన్ ప్రాంతపు ట్రినిడాడ్ దీవిలో పుట్టి, లండన్‌లో బాలే అభ్యసించి, 1940లో హాంకాంగ్ చేరి, తరువాత చైనా మారుమూల ప్రాంతాల జానపద నృత్యాలను శ్రద్ధగా సేకరించి, 1954లో నెలకొన్న బీజింగ్ నృత్య పాఠశాలకు తొలి ప్రధానాచార్యురాలయ్యారు. కొరియా నర్తకి చొయ్ సుంగ్‌హీ 1950ల తొలినాళ్లలో బీజింగ్‌లో బోధిస్తూ, చైనా సంగీత నాటకాల్లోని కదలికలను, ముఖ్యంగా అంగరఖా చేతుల చివర కుట్టిన పొడవైన తెల్లని పట్టుగుడ్డను ఎగరేసి భావం పలికించే షుయిషియు వంటి ప్రక్రియలను, నృత్య విద్యార్థులకు పాఠక్రమంగా మలిచారు.