చిన్న జాడీ, పెద్ద జాడీ

ఆవకాయ ఏ ఇంట్లోనైనా రెండు జాడీల్లో ఉంటుంది. వడ్డించుకోవడానికి చేతికందేలా బల్లమీద చిన్నది. ఏడాది సరుకంతా దాచుకున్న పెద్దది వాసెన కట్టి ఏ చీకటి మూలో. చిన్నది అయిపోగానే పెద్దదాంట్లోంచి తీసి నింపుకుంటాం. ఇందులో పెద్ద వేదాంతం ఉందని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు, నా కంప్యూటర్లోనూ ఇవే రెండు జాడీలు వచ్చి కూర్చునేదాకా.

చిన్నదాని పేరు ఎస్.ఎస్.డి. నాదాంట్లో 256 జి.బి. పడుతుంది. లోపల కదిలేదేమీ లేదు, అంతా చిప్పులే. అడగ్గానే ఇస్తుంది. పెద్దది హార్డ్ డిస్క్, ఒక టి.బి., అంటే దానికి నాలుగింతలు. అందులో పళ్ళేలు నిమిషానికి 5400 సార్లు గిర్రున తిరుగుతుంటే, గ్రామఫోన్ ముల్లులాంటిది ఒకటి వాటిమీద అటూ ఇటూ జరుగుతూ మనక్కావలసింది వెతుకుతుంది. పాపం, ఎంత పరుగెత్తినా, వెతికి పట్టుకోవడంలో చిన్నదానికంటే ఇంచుమించు వంద రెట్లు ఆలస్యం. ఆ ఆలస్యం కూడా సెకనులో నూరోవంతే సుమండీ! 1956లో ఐ.బి.ఎం. వాళ్ళు మొట్టమొదటి హార్డ్ డిస్కు తెచ్చినప్పుడు రెండడుగుల వెడల్పు పళ్ళేలు 50 పేర్చి, టన్ను బరువు బీరువాలో 50 లక్షల అక్షరాలు దాచగలిగారట. ఇవాళ మనం తీసే ఒక్క ఫోటో అందులో పట్టడం కష్టం.

అన్నీ చిన్నదాంట్లోనే పెట్టుకోవచ్చుగా అంటారేమో. పట్టవు. అన్నీ పట్టేంత పెద్దది కొనాలంటే డబ్బు. పైగా దాన్ని పీకలదాకా నింపితే అదీ నీరసపడుతుంది. కాబట్టి ఏది దగ్గర ఉంచుకోవాలి, ఏది దూరం పంపాలి అన్న ప్రశ్న తప్పదు.

ఆ సర్దుడు పని చేసిపెట్టడానికి మా అక్కకొడుకు వచ్చాడు. కంప్యూటర్ని నడిపే ప్రోగ్రాములూ, నేను రాస్తున్న నవలా చిన్నదాంట్లో ఉంచాడు. సబబే. తరవాత ఒక పాట దగ్గర ఆగాడు. మా అమ్మ పాడిన మంగళహారతి అది, ఎప్పుడో నాన్న క్యాసెట్లో పట్టింది. అమ్మ లేదిప్పుడు.

"ఇది తెరిచి రెండేళ్ళయింది పిన్నీ. పెద్దదాంట్లో పడేస్తున్నా," అన్నాడు.

వాడి లెక్కలో తప్పేం లేదు. 'పడేస్తున్నా' అన్న మాటే కాస్త గుచ్చుకుంది.

ఆ లెక్క వాడి సొంతమూ కాదు. 1966లో ఐ.బి.ఎం.లో పనిచేస్తున్న బెలాడీ అనే ఆయన ఈ చిక్కునే తీసుకుని ఆలోచించాడు. చోటు చాలనప్పుడు దేన్ని బయటికి పంపాలి? మళ్ళీ అన్నిటికంటే ఆలస్యంగా అవసరపడేదాన్ని. ఇంతకుమించిన ఉపాయం లేదు. కానీ అలా చెయ్యాలంటే రేపేం జరుగుతుందో ముందే తెలియాలి! యంత్రానికి జాతకం చూడ్డం రాదు కనక నిన్నటిని బట్టి రేపటిని ఊహించుకుంటుంది. చాలాకాలంగా ముట్టుకోనిదాన్ని పంపించేస్తుంది. 2012లో ఆపిల్ వాళ్ళు 'ఫ్యూజన్ డ్రైవ్' అని రెండు జాడీలనూ ఒకటిగా కలిపి అమ్మారు. ఏది దగ్గర, ఏది దూరం అన్నది మనల్ని అడక్కుండా అదే చూసుకునేది.

యంత్రంవరకూ ఇది న్యాయమే. అది చూసేది ఒక్కటే, మళ్ళీ ఎప్పుడు కావాలి అని. ఎంత విలువైనది అని అది అడగదు, అడిగినట్టు నటించదు కూడా. ఆ రెండు ప్రశ్నల్నీ కలగాపులగం చేసేది మనమే. ఫోను తీసి చూడండి. ఈ వారం మాట్లాడినవాళ్ళ పేర్లు పైన ఉంటాయి. గ్యాసు బండ అతను, టైలరు, పిల్లల వ్యాను డ్రైవరు. చిన్నప్పుడు మీకు జడలు వేసిన మేనత్త పేరు ఎక్కడో అడుగున. గ్యాసతను మేనత్తకంటే దగ్గరివాడని ఎవరూ అనరు. కానీ పైన కనిపించిన పేరే నొక్కుతాం. నొక్కిన పేరే మళ్ళీ పైకొస్తుంది. అడుగున పడ్డ పేరు అడుగునే ఉండిపోవడానికి వేరే కారణం అక్కర్లేదు, అది అడుగున ఉండడమే చాలు.

అలాగని దూరంగా పెట్టడమే పాపం అననూ లేను. పెళ్ళి పట్టుచీరని ఎవరైనా దండెంమీద ఉంచుకుంటారా? పాట సంగతి మరీ చిత్రం. పెద్ద డిస్కులోంచి పాడినా అమ్మ గొంతు ఒక్క స్వరం కూడా వెనకబడదు. దానికి వేగంతో పనే లేదు. దానికి కావలసింది రెండో ప్రతి. చాలామంది చిన్నదాంట్లోంచి పెద్దదాంట్లోకి జరపగానే భద్రం చేసేశాం అనుకుంటారు. జరపడం వేరు, నకలు తియ్యడం వేరు. ఉన్న ఒక్క ప్రతీ చోటు మారిందంతే. తిరిగే పళ్ళేలు ఏదో ఒకనాడు మొరాయించక మానవు. పోనీ ఎస్.ఎస్.డి.నే ఊడదీసి నగలతోపాటు లాకర్లో పెడదామా అంటే, ఏళ్ళతరబడి కరెంటు తగలకపోతే అదీ తనలో ఉన్నది మరిచిపోగలదు. ఎక్కడ దాచినా మధ్యమధ్య వెళ్ళి పలకరించి రావలసిందే. కట్టకపోయినా పట్టుచీరని ఏడాదికోసారి తీసి, నీడపట్టున ఆరేసి, మడత మార్చి పెట్టడం లేదూ? లేకపోతే మడతల దగ్గరే చీకిపోతుంది.

ఇంకో సంగతి కూడా వాడికి చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు. తెరవకపోవడానికి మరిచిపోవడం ఒక్కటే కారణం కాదు. వినలేక తెరవనివీ ఉంటాయి. యంత్రం లెక్కలో ఆ రెండూ ఒకటే, ముట్టుకుని రెండేళ్ళయింది.

"పెద్దదాంట్లోనే పెట్టు నాయనా," అన్నాను. "ఇంకో నకలు తీసి మీ అమ్మ దగ్గరుంచు. అమ్మమ్మ తిథినాడు మేమిద్దరం వింటాం."

వాడు ఫోనులో గుర్తు పెట్టుకోవడానికి తేదీ అడిగాడు. తిథి ఏటా ఒకే తేదీకి రాదని చెప్పి, గోడమీది క్యాలెండరు చూపించాల్సొచ్చింది.